బళ్లారి ఇనుప ఖనిజం: కోర్టు పక్కకు తప్పుకున్నాక కాపలా ఎవరిది?

హగరి ఒడ్డు (బనశంకరి)

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఒక పల్లె. ఊరి నుంచి చూస్తే బళ్లారి అడవి కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీదే ఒకప్పుడు రాష్ట్ర సరిహద్దు రాళ్లు మాయమయ్యాయి. 2006లో, సరిహద్దుకు గుర్తుగా ఉన్న సుంకులమ్మ గుడిని అక్రమ తవ్వకం కోసం పేల్చేశారు. ఈ కథ ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

నేను అడగదలచుకున్నది పాత కథ కాదు. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకం ఆపేసింది. 2013లో మళ్లీ అనుమతించినప్పుడు బళ్లారి జిల్లాకు ఏడాదికి రెండున్నర కోట్ల టన్నులు, చిత్రదుర్గ, తుమకూరు రెంటికీ కలిపి 50 లక్షల టన్నులు అని హద్దు పెట్టింది. 2017లో ఆ హద్దు పెరిగింది. 2022 ఆగస్టులో మళ్లీ పెరిగి బళ్లారికి మూడున్నర కోట్లు, మిగతా రెండు జిల్లాలకు కోటిన్నర అయింది. అదే ఏడాది మేలో, కోర్టు కమిటీ నడిపే ఈ-వేలం ఇక తప్పనిసరి కాదని, నేరుగా అమ్ముకోవచ్చని, ఎగుమతి కూడా చేసుకోవచ్చని కోర్టే చెప్పింది.

అంటే పదేళ్లకు పైగా ప్రతి టన్నూ కోర్టు వేసిన కమిటీ కళ్ల ముందు నుంచి వెళ్లింది. ఇప్పుడు అమ్మకాల మీద ఆ కన్ను లేదు. మరి ఎవరు చూస్తున్నారు? గనుల శాఖ చూస్తుందంటే 2006లోనూ ఆ శాఖ ఉంది. మా ఊరివాళ్లు చూడాలంటే ఎక్కడ చూడాలి?

వెంకట్ (వైట్‌ఫీల్డ్)

మీ ఆవేదన అర్థమైంది. కానీ ఒక మాట చెప్పాలి. 2011లో కోర్టు ఉత్తర్వులతో మూడు జిల్లాల బతుకు ఆగిపోయింది. నేను అప్పుడు హొసపేటలో ఒక ఇనుప కర్మాగారానికి సామాను సరఫరా చేసేవాణ్ని. సక్రమంగా తవ్వినవాడూ మూసుకున్నాడు, దొంగగా తవ్వినవాడూ మూసుకున్నాడు. లీజు తెచ్చుకోవాలంటే గనుల శాఖ, అటవీ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, నాగపూర్‌లోని గనుల బ్యూరో, భద్రతకు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్). ఇన్ని గడపలు ఎక్కాలి. పర్యవేక్షణ చాలడం లేదంటే నేను ఒప్పుకోను. ఎక్కువై, ఏ ఒక్కరికీ బాధ్యత లేకుండా పోయింది.

సిరి సండూరు (ఆర్.టి.నగర్)

వెంకట్ గారూ, ఆ ఆగిపోయిన బతుకుల్లో మాదీ ఒకటి. మా నాన్నగారు అప్పు చేసి లారీ కొన్నారు. 2011 తరువాత సండూరు రోడ్డు పక్కన బారులు తీరి నిలబడిపోయిన లారీల్లో అదీ ఉంది. టైర్లు ఎండకు పగిలిపోయాయి. చివరికి అప్పిచ్చిన సంస్థ వచ్చి లాక్కెళ్లింది.

అయినా నేను కోర్టును తప్పుపట్టను. సక్రమమైన లోడు ఏదో అక్రమమైన లోడు ఏదో విడదీసి చెప్పగల లెక్క ప్రభుత్వం దగ్గర ఆనాడు ఉండి ఉంటే, దొంగల లీజులు మాత్రమే ఆగేవి. ఆ లెక్క లేదు కాబట్టే మొత్తం ఆపవలసి వచ్చింది. దాచిపెట్టిన లెక్కల వల్ల నష్టపోయింది ఖజానా ఒక్కటే కాదు. నిజాయతీగా లారీ తోలుకున్న మా నాన్న కూడా. అందుకే లెక్కలు బయట ఉండాలని మాలాంటి వాళ్లమే గట్టిగా అడగాలి.

న్యాయవాది రఘు

సిరి గారు చెప్పినది తీర్పులోనూ కనిపిస్తుంది. కొన్ని వివరాలు చేరుస్తాను.

లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే 2011 జులై 27న ఇచ్చిన నివేదికలో కర్ణాటకకు జరిగిన నష్టం 16,085 కోట్ల రూపాయలు అని అంచనా వేశారు. అటవీ అధికారి యు.వి.సింగ్ బృందం పర్మిట్లు, రేవు పత్రాలు, బ్యాంకు ఖాతాలు పక్కపక్కన పెట్టి సరిచూస్తేనే ఆ అంకె వచ్చింది. ఆ నెలాఖరులోనే అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేశారు. కోర్టుకు వెళ్లింది ప్రభుత్వం కాదు, ధారవాడకు చెందిన సమాజ పరివర్తన సముదాయ అనే స్వచ్ఛంద సంస్థ.

2013 ఏప్రిల్ 18 తీర్పులో గనులను ఉల్లంఘన తీవ్రతను బట్టి ఎ, బి, సి అని మూడు వర్గాలు చేశారు. సి వర్గం లీజులు రద్దయ్యాయి. బి వర్గంవాళ్లు హద్దు దాటి తవ్విన గుంటకు హెక్టారుకు 5 కోట్లు, హద్దు దాటి పోసిన మట్టి దిబ్బకు హెక్టారుకు కోటి కట్టాలన్నారు. అంటే ప్రతి లీజునూ కొలిచారు. వెంకట్ గారూ, అన్ని గడపలు ఉన్నాయంటున్నారు కదా, వాటిలో ఏ ఒక్కటీ అంతకుముందు ఆ కొలత వేయలేదు.

ఓబుళాపురం అక్రమ గనుల కేసు కూడా గుర్తుంచుకోవాలి. సీబీఐ 2009లో నమోదు చేసింది. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు గాలి జనార్దనరెడ్డితో పాటు గనుల శాఖ మాజీ డైరెక్టరుకు కూడా శిక్ష వేసింది. తరువాత తెలంగాణ హైకోర్టు జనార్దనరెడ్డి శిక్షను నిలిపివేసింది కాబట్టి చివరి మాట ఇంకా రాలేదు. కానీ కింది కోర్టు తీర్పు రావడానికే పదిహేనేళ్లు దాటింది. శిక్షల మీద ఆధారపడి కాపలా కాయలేం.

కాటా చీటీ (విశ్రాంత ఉద్యోగి, యలహంక)

నేను ఈ రంగంలోనే ఉద్యోగం చేసి విరమించాను. ఏ శాఖ అన్నది వద్దు. దొంగతనం ఎక్కడ జరుగుతుందో చెప్తాను, అప్పుడు ఏ లెక్క బయటికి రావాలో మీకే తెలుస్తుంది.

గనిలో తవ్విన ఖనిజాన్ని కుప్పలుగా పోస్తారు. కుప్పకు నంబరు వేసి, నమూనా తీసి, ఇనుము శాతం తేల్చాలి. 55 లోపు, 55 నుంచి 58, 58 నుంచి 60, 60 నుంచి 62, 62 నుంచి 65, ఆ పైన. ఇలా మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టుకు గనుల బ్యూరో నెలనెలా రాష్ట్రాలవారీగా సగటు అమ్మకపు ధర ప్రకటిస్తుంది. ఆ ధరలో 15 శాతం రాయల్టీ. తరువాత లారీ కాటా మీదికి ఎక్కుతుంది. చీటీలో లారీ నంబరు, లీజు నంబరు, ఖనిజం రకం, ఖాళీ బరువు, నిండు బరువు, బయలుదేరిన సమయం, ఎక్కడికి వెళ్తున్నదో ఉంటాయి.

పూర్వం కాగితం పర్మిట్లు. ఒకే పర్మిట్టు మీద రెండు మూడు లోడ్లు వెళ్లేవి. పట్టపగలు బయలుదేరినట్టు రాసి ఉన్న లారీ తెల్లవారుజామున రేవు దారిలో కనిపించేది. లారీ మోయగలిగిన బరువుకు రెట్టింపు వేసేవారు. ఇప్పుడు పర్మిట్లు కంప్యూటరులో, లారీకి జీపీఎస్, కాటాకు నేరుగా అనుసంధానం. ఆ మేరకు నిజంగా బాగుపడింది, అది కాదనకూడదు.

కానీ మెట్టు మార్చడం ఇంకా సులువే. 62.4 శాతం ఉన్న కుప్పను 59.8 అని రాస్తే రెండు మెట్లు దిగుతుంది. బరువు సరిగ్గానే ఉంటుంది, లారీ సరిగ్గానే ఉంటుంది, జీపీఎస్ సరిగ్గానే ఉంటుంది. ఉపగ్రహం కూడా పట్టుకోలేదు. 2016లో మొదలుపెట్టిన ఉపగ్రహ నిఘా లీజు హద్దుకు 500 మీటర్ల చుట్టూ తవ్వకం జరిగిందా అని చూస్తుంది, అంతే. నమూనా ఎవరు తీశారు, ఎవరి ఎదుట తీశారు, రెండో నమూనా ఎక్కడ దాచారు అన్నది చూసేది మనిషే.

2009 వరకు రాయల్టీ టన్నుకు ఇన్ని రూపాయలని స్థిరంగా ఉండేది. ముప్పై రూపాయలు కూడా దాటేది కాదు. ప్రపంచ విపణిలో టన్ను వంద డాలర్లు దాటినా మనకు వచ్చింది అంతే. కాబట్టి అప్పట్లో మెట్టు మార్చవలసిన అవసరమే పెద్దగా లేదు, దొంగ లోడు చాలు. ధరతో ముడిపెట్టిన తరువాత నాణ్యత మీద దృష్టి పెట్టవలసిన అవసరం పెరిగింది. మన మాటలు మాత్రం ఇంకా దొంగ లారీల దగ్గరే ఉన్నాయి.

శారద (మల్లేశ్వరం)

కాటా చీటీ గారూ, నేను చార్టర్డ్ అకౌంటెంటును, మీరు చెప్పినదానికి అంకెలు వేస్తాను. ఇవి ఊహించుకున్న అంకెలు, ఏ గనివీ కావు.

ఒక మెట్టు దించడం వల్ల ధర టన్నుకు 500 రూపాయలు తగ్గిందనుకుందాం. రాయల్టీ 75 రూపాయలు పోయింది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీకి అదనంగా, అందులో 30 శాతానికి సమానమైన మొత్తం గని ప్రభావిత పల్లెల కోసం పెట్టిన జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. ఆ నిధికి 22 రూపాయల 50 పైసలు పోయాయి. పది లక్షల టన్నుల మీద ఖజానాకు ఏడున్నర కోట్లు, గని పక్క పల్లెలకు రెండుంపావు కోట్లు. ఆ తేదీ తరువాత వేలంలో ఇచ్చిన లీజు అయితే నిధి వాటా 10 శాతమే.

ఈ రెండుంపావు కోట్లు పోయినట్టు ఆ పల్లెలకు తెలిసే దారే లేదు. నిధి ఖాతాలో వచ్చిన డబ్బు కనిపిస్తుంది, రావలసిన డబ్బు కనిపించదు. ఏటా ఆడిట్ జరుగుతుంది, నిజమే. ఆడిటరు ఎదుట పెట్టేది నిధి పుస్తకాలు. గనిలోని కుప్పల పుస్తకం కాదు. రెండూ ఒక్క చోట కలవవు.

వెంకట్ (వైట్‌ఫీల్డ్)

ఇది సరైన ప్రశ్న. కానీ కంపెనీ ఎవరికి ఏ రకం ఎంతకు అమ్మిందో రోజూ బయటపెట్టమంటే పోటీదారు చేతికి తాళం చెవి ఇచ్చినట్టే కదా? సమాచార హక్కు చట్టంలోనే వ్యాపార రహస్యానికి మినహాయింపు ఉంది.

న్యాయవాది రఘు

సెక్షన్ 8(1)(డి). అందులోనే విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని కూడా ఉంది. పైగా ఎవరికి ఎంతకు అమ్మారన్నది మనం అడగడం లేదు. ఏ లీజు నుంచి, ఏ మెట్టు ఖనిజం, ఎన్ని టన్నులు, ఎంత రాయల్టీ కట్టారు. ఇవి నాలుగూ ప్రభుత్వానికి కట్టిన డబ్బు లెక్కలు. కొనుగోలుదారు పేరు లేకుండా ఇవ్వవచ్చు.

శారద (మల్లేశ్వరం)

వెంకట్ గారి సందేహానికి బయటి దేశాల నుంచి ఒక జవాబు ఉంది. ఈఐటీఐ అని ఓస్లో కేంద్రంగా ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. యాభైకి పైగా దేశాలు అందులో ఉన్నాయి. చమురు, గ్యాసు, గనుల కంపెనీలు తాము కట్టినదంతా చెప్పాలి, ప్రభుత్వం తనకు ముట్టినదంతా చెప్పాలి, రెండింటినీ సరిచూడాలి. 2021 జనవరి 1 తరువాత కుదిరే ఒప్పందాలను ప్రచురించాలి. కంపెనీ అసలు యజమాని ఎవరో కూడా చెప్పాలి. నైజీరియా దీనికోసం 2007లోనే చట్టం చేసింది. నార్వే కూడా ఉంది. అక్కడి కంపెనీలేవీ దీనివల్ల పోటీదారుల దెబ్బకు మూతపడినట్టు నేను వినలేదు.

భారత్ సభ్యదేశం కాదు. కావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇనుము, బొగ్గు, చమురు ఇన్ని ఉన్న దేశం ఈ లెక్కకు వెనకాడవలసిన అవసరం ఏముంది?

బొగ్గుట్ట (కె.ఆర్.పురం)

ఇల్లెందు నుంచి వచ్చినవాణ్ని, బొగ్గు గురించి చెప్పకుండా ఉండలేను. మా ఇంట్లో రెండు తరాలు సింగరేణిలో పనిచేశాయి. తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం ఉన్న సంస్థ అది. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన లెక్కలు తెరిచి ఉంటాయని అనుకోకండి, ప్రైవేటు కాబట్టి మూసి ఉంటాయనీ అనుకోకండి.

కాటా చీటీ గారు చెప్పిన మెట్ల సంగతి బొగ్గులో ఇంకా పెద్దది. కిలోకు ఎన్ని కిలో కేలరీల వేడి ఇస్తుందో చూసి జి1 నుంచి జి17 దాకా గ్రేడులు పెట్టారు. చాలా గ్రేడుల మధ్య తేడా 300 కిలో కేలరీలే. గని దగ్గర జి11 అని బిల్లు వేసిన బొగ్గు విద్యుత్కేంద్రానికి చేరేసరికి జి13గా తేలిందనుకోండి. డబ్బు జి11కు కట్టారు, అదే కరెంటుకు ఎక్కువ టన్నులు కాల్చాలి, బూడిద కూడా ఎక్కువ. ఆ ఖర్చు ఇంధన సర్దుబాటు చార్జీగా మన బిల్లులోకి వస్తుంది. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ సర్దుబాటు నెలనెలా దానంతటదే వినియోగదారుడి మీద పడవచ్చు. విచారణ తరువాత ఎప్పుడో.

బెంగళూరులో ఉన్నవాళ్లందరూ 2025-26 నాటి కరెంటు బిల్లు తీసి చూడండి. ఆ ఏడాదికి యూనిట్‌కు 36 పైసలు పెన్షన్, గ్రాట్యుటీ పేర వేశారు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ అంకె విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉత్తర్వులో కనిపిస్తుంది. ఎందుకు వేశారో చదవవచ్చు, విచారణకు వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. గనులకు అలాంటి కమిషన్ లేదు. రాయల్టీ సరిగ్గా లెక్కగట్టారా అని పౌరుడు నిలబడి అడిగే బహిరంగ విచారణ ఒక్కటీ లేదు. నాకు అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది.

సిరి సండూరు (ఆర్.టి.నగర్)

గనులకూ బహిరంగ విచారణ ఉంది, పర్యావరణ అనుమతికి ముందు. నేను ఒకదానికి వెళ్లాను. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో. కన్నడ సారాంశం కొద్ది పేజీలు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ తెలుగు తప్ప మరొకటి చదవలేదు. ఆమె పొలం గని రోడ్డు పక్కనే. లేచి, మా బావిలో నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయి అని అడిగింది. వేదిక మీద ఉన్నవాళ్లు రాసుకున్నారు. తరువాత కార్యవాహిలో చూస్తే "నీటి సమస్య గురించి ఒకరు ప్రస్తావించారు" అని ఒక్క వాక్యం ఉంది. పైగా అది ఒక్కసారి జరిగే విచారణ. అనుమతి వచ్చాక గని ఎన్నేళ్లు నడిచినా మళ్లీ ఎవరూ అడగరు.

కాటా చీటీ (విశ్రాంత ఉద్యోగి, యలహంక)

సిరి అమ్మా, అనుమతి వచ్చిన తరువాత కూడా ఒక కాగితం ఉంది. షరతులు పాటిస్తున్నామని ప్రతి గనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. ఏ బావి దగ్గర నీరు పరీక్షించారో, గాలిలో దుమ్ము ఎంతో అందులో రాయాలి. ఆ పెద్దావిడ బావి ఆ జాబితాలో ఉందో లేదో చూడండి.

హగరి ఒడ్డు (బనశంకరి)

ఎంతో తెలిసింది. ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. మా మీద పడే దుమ్ము అవతలి గనులది. రాయల్టీ కర్ణాటకకు, జిల్లా ఖనిజ నిధి బళ్లారికి. మా పల్లె అనంతపురం జిల్లాలో ఉంది. మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దగ్గుకు మందు అడిగితే పక్క జిల్లా డబ్బు మాకెందుకు వస్తుందని నవ్వుతారు. గాలికి లేని సరిహద్దు డబ్బుకు ఎందుకుండాలి?

న్యాయవాది రఘు

నవ్వవలసిన విషయం కాదు. గనుల చట్టం సెక్షన్ 9బి చదవండి. గనుల కార్యకలాపాల వల్ల ప్రభావితమైన ఏ జిల్లాలోనైనా రాష్ట్ర ప్రభుత్వం నిధి ఏర్పాటు చేయాలని ఉంది. గని ఉన్న జిల్లా అనలేదు. 2024 జనవరిలో సవరించిన కేంద్ర మార్గదర్శకాల్లో గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని, అది పక్క జిల్లాలో ఉన్నా సరే, నేరుగా ప్రభావితమైనదిగా లెక్కించాలన్నారు. నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ప్రాధాన్య అవసరాలకే ఖర్చు పెట్టాలి. పక్క జిల్లా పక్క రాష్ట్రంలో ఉంటే ఏమిటన్నది వాదించవలసిన అంశం. నా వాదన అయితే వర్తిస్తుందనే. చట్టం ప్రభావాన్ని కొలబద్దగా తీసుకుంది, పటాన్ని కాదు.

వెంకట్ (వైట్‌ఫీల్డ్)

ఆ నిధి మీద నాకూ కోపం ఉంది. కంపెనీలు కట్టిన డబ్బు గని ఊళ్లకు చేరకుండా ఎక్కడెక్కడికో పోయింది. 2021 జులైలో కేంద్రం ఆ నిధిని రాష్ట్ర ఖజానాకో ముఖ్యమంత్రి సహాయ నిధికో మళ్లించవద్దని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. కట్టినవాడికీ అడిగే హక్కు ఉండాలి. ఈ విషయంలో మీతో కలిసి సంతకం పెడతాను. కానీ రోజువారీ లెక్కలు కాదు, నెలవారీ చాలు.

బొగ్గుట్ట (కె.ఆర్.పురం)

నెలవారీ అయితే ఒక కుప్ప మెట్టు మారితే పట్టుకోవడం కష్టం, సగటులో కలిసిపోతుంది. కుప్పలవారీగా కావాలి. వివరాలు ఒక నెల ఆలస్యంగా ఇచ్చినా ఫర్వాలేదు.

శారద (మల్లేశ్వరం)

అది న్యాయమైన మధ్యమార్గం. ఆలస్యం కంపెనీకి రక్షణ, కుప్ప నంబరు ఊరికి రక్షణ.

నిధి విషయంలో కొత్తగా ఏదీ అడగనక్కరలేదు. ప్రభావిత ప్రాంతాల జాబితా, మూడు నెలలకోసారి వచ్చిన డబ్బు, సమావేశాల మినిట్స్, మంజూరైన పనుల స్థితి, లబ్ధిదారుల జాబితా ఇవన్నీ వెబ్‌సైటులో పెట్టాలని మార్గదర్శకాలే చెప్తున్నాయి. హగరి ఒడ్డు గారూ, ముందు ఆ ప్రభావిత గ్రామాల జాబితా పట్టుకోండి. మీ ఊరి పేరు లేకపోతే మిగతా పోరాటమంతా అక్కడి నుంచే మొదలవ్వాలి.

హగరి ఒడ్డు (బనశంకరి)

సరే, దరఖాస్తు రాస్తాను. బళ్లారి జిల్లా ఖనిజ నిధికి ఒకటి, అనంతపురానికి ఒకటి. ప్రభావిత గ్రామాల జాబితా, పక్క జిల్లాకు ఇచ్చిన మొత్తం, మా ఊరికి 15 కిలోమీటర్ల లోపు లీజుల నుంచి కుప్పలవారీగా బయటికి పంపిన ఖనిజం లెక్కలు, చివరి రెండు షరతుల నివేదికలు. ఇంకేమైనా చేర్చాలా?

కాటా చీటీ (విశ్రాంత ఉద్యోగి, యలహంక)

కుప్పల నమూనా రిజిస్టరు నకలు అడగండి. రెండో నమూనాను ఎంతకాలం భద్రపరుస్తారో కూడా అడగండి. ఈ ప్రశ్న ఒకటి ఉందని తెలిస్తేనే కొందరు జాగ్రత్తపడతారు. నేను లోపల ఉండి చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

న్యాయవాది రఘు

షరతుల నివేదికలు, బయటికి పంపిన ఖనిజం లెక్కలు నిధి దగ్గర ఉండవు. గనుల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి వేరే దరఖాస్తులు పెట్టండి, లేదంటే బదిలీ పేరుతో రోజులు గడుస్తాయి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండవచ్చు. అనంతపురానికి తెలుగులో పెట్టండి, బళ్లారికి కన్నడలో అయితే మంచిది.

సిరి సండూరు (ఆర్.టి.నగర్)

కన్నడ ప్రతి నేను రాసిస్తాను. ముసాయిదా ఇక్కడే పెట్టండి అన్నా, ఆదివారానికి పూర్తి చేస్తాను. ఆ పెద్దావిడ బావి సర్వే నంబరు కూడా కనుక్కుని కాలుష్య నియంత్రణ మండలి దరఖాస్తులో చేరుస్తాను.